ప్రీయాంప్ కొనే ముందు రెండు రెసిస్టర్లు కొనండి

కిందటి దసరాకి ఒడిశాలోని గుణుపూర్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, పాట పెట్టకముందే నా యాంప్‌లో సుయ్‌మని ఒకటే మోత. ప్రీయాంప్ బోర్డు వేయిస్తే పోతుందంటున్నారు. వేయించమంటావా?" అని అడిగాడు.

వాడిది పర్లాకిమిడిలో కట్టించుకున్న చిన్న యాంప్, 4440 ఐసీది. పాటలు ఫోన్‌లోవి, మధ్యలో యూఎస్‌బీ డాక్, అంటే పాటలోని అంకెల్ని యాంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె. వాల్యూమ్ ఎక్కడ పెట్టి వింటున్నావురా అంటే, "యాంప్‌ది ఎప్పుడూ ఫుల్లే. ఫోన్‌లో రెండు గీతలు. మూడో గీత పెడితే అమ్మ కేకలేస్తుంది" అన్నాడు. జబ్బేమిటో అక్కడే తెలిసిపోయింది. వాడికి కావలసింది ప్రీయాంప్ లాగా, యాంప్‌కి ముందే సిగ్నల్‌ని పెంచే ఇంకో బోర్డు కాదు. ఉన్నది పెరగకుండా ఆపే ఏర్పాటు.

బరంపురంలో నాకు తెలిసిన ఇళ్ళల్లో కూడా ఇదే వరస. సౌండ్ బాగాలేదనగానే ప్రీయాంప్ మీదకి పోతుంది మనసు. ఇంకో పక్క, డిజిటల్ వాల్యూమ్ వాడితే పాట నాణ్యత పోతుందని ఒక భయం. రెండింటినీ లెక్కతో తేల్చుకోవచ్చు. మీ ఇంట్లో ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను. కావలసినవి ఒక మల్టీమీటరు, కాగితం, పెన్సిలు. తర్వాత అవసరమైతే సోల్డరింగ్ ఐరన్, నాలుగు రెసిస్టర్లు.

ప్రీయాంప్ ఎందుకు పుట్టింది

రికార్డ్ ప్లేయర్ ముల్లు దగ్గర పుట్టే కరెంటు చాలా తక్కువ. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. దాన్ని 100 రెట్లు పెంచాలి. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు కాబట్టి వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. అదే ఆర్‌ఐఏఏ లెక్క, 1954 నుంచి వాడుకలో ఉంది. వీటితోపాటు రేడియో, టేపు, రికార్డుల్లో ఏది వినాలో ఎంచుకునే స్విచ్చు, బేస్, ట్రెబుల్ మరలు, చివర్లో వాల్యూమ్. ఇంత పని ఉండేది కాబట్టే దానికి వేరే పెట్టె ఉండేది. ఈనాటికీ మన లోకల్ బోర్డుల్లో కనిపించే టోన్ కంట్రోల్ సర్క్యూట్ చాలావరకు పీటర్ బాక్సాండాల్ 1952లో ప్రచురించినదే.

1982లో సీడీ వచ్చింది. సీడీ ప్లేయర్ నేరుగా 2 వోల్టులు ఇస్తుంది. చాలా పవర్ యాంప్‌లకి ఒక వోల్టు, వోల్టున్నర చాలు, పూర్తి సామర్థ్యంతో పలుకుతాయి. అంటే పెంచాల్సిన అవసరం పోయింది. ఎంచుకోవడం, తగ్గించడం, ఈ రెండే మిగిలాయి. మీ ఇంట్లో ఒకే ఫోనో, ఒకే ల్యాప్‌టాపో ఉంటే ఎంచుకోవడం కూడా లేదు. ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎక్కడ తగ్గించాలి?

మొదట, మీ దగ్గరున్నది ఎన్ని వోల్టులో కొలవండి

యాంప్ ఆపేసి, డాక్ నుంచి వచ్చే వైరుని యాంప్ దగ్గర ఊడదీయండి. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 60 హెర్ట్జ్ సైన్ టోన్ ఫుల్ లెవెల్లో మోగించండి, వాల్యూమ్ కూడా ఫుల్లు. మీటరు ఏసీలో పెట్టి ఆర్‌సీఏ పిన్ను మధ్య మొనకీ బయటి రింగుకీ మధ్య చూడండి. 60 హెర్ట్జ్ ఎందుకంటే, చవక మీటర్లు ఏసీని సరిగ్గా చదివేది 400 హెర్ట్జ్ దాకానే. 1000 హెర్ట్జ్ టోన్ పెట్టి కొలిచి, డాక్ పాడైందని బెంగపెట్టుకున్నవాళ్ళున్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

ఇంకో మాట. అందరి దగ్గరా ఉండే పసుపు రంగు 830 మీటరులో ఏసీకి 200 వోల్టుల రేంజే అన్నిటికన్నా చిన్నది. 2 వోల్టులైతే దాంతో ఓ మాదిరిగా తెలుస్తుంది. అర వోల్టు లోపలైతే ఆ అంకెని నమ్మలేం. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్న మీటరు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి.

మామూలుగా కనిపించే అంకెలు: డెస్క్ మీద పెట్టే డాక్ 2 వోల్టులు, ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్ అర వోల్టు నుంచి ఒక వోల్టు. రాస్‌బెరీ పై మీద పెట్టే పీసీఎమ్ 5102, 5122 చిప్పుల బోర్డులు 2.1 వోల్టులు.

తర్వాత, యాంప్ ఎన్ని రెట్లు పెంచుతోందో చూడండి

స్పీకర్లు ఊడదీయండి. ట్రాన్సిస్టర్ యాంప్‌కీ ఐసీ యాంప్‌కీ దీంతో ఏమీ కాదు. వాల్వు యాంప్ మాత్రం స్పీకరు లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి. డాక్ వైరు మళ్ళీ తగిలించి, యాంప్ మీది వాల్యూమ్ ఫుల్లు చేసి, అదే 60 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ ఫోన్‌లో వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచుతూ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర 4 వోల్టులు వచ్చేచోట ఆపండి. ఇప్పుడు యాంప్ ఇన్‌పుట్ దగ్గర ఎంత ఉందో చూడండి. 0.2 వోల్టులుంటే మీ యాంప్ 20 రెట్లు పెంచుతోంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 26 డీబీ.

డీబీ అంటే కంగారు అక్కర్లేదు. మూడు గుర్తుంచుకుంటే చాలు. 6 డీబీ తగ్గితే వోల్టేజీ సగం. 20 డీబీ తగ్గితే పదో వంతు. 40 తగ్గితే వందో వంతు.

నా యాంప్ 50 వాట్లది. 8 ఓమ్స్ స్పీకరుకి 50 వాట్లంటే 20 వోల్టులు. 20 రెట్లు పెంచే యాంప్‌కి ఒక వోల్టు ఇస్తే ఆ 20 వచ్చేస్తాయి. నా డాక్ ఇచ్చేది రెండు. అంటే వాల్యూమ్ ఫుల్లు నుంచి 6 డీబీ తగ్గించేదాకా అదంతా వాడటానికి వీల్లేని మేర. సాయంత్రం పాటలు వినేటప్పుడు స్పీకర్ల దగ్గర గట్టి దెబ్బలకి కూడా 2 వోల్టులు దాటవు. దానికి డాక్ నుంచి 0.1 వోల్టు చాలు, అంటే మైనస్ 26 డీబీ. రాత్రి అందరూ పడుకున్నాక ఇంకో 15 తగ్గిస్తాను, మైనస్ 41.

ఇప్పుడు మా వాడి 4440 సంగతి. ఇది శాన్యో వాళ్ళు కారు స్టీరియోల కోసం చేసిన ఐసీ. దాని డేటాషీట్‌లో గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే లెక్క, ఎంతో తెలుసా? 51.5 డీబీ. సుమారు 375 రెట్లు! నీరసమైన సిగ్నల్‌ని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఐసీ అది. 4 ఓమ్స్ స్పీకరులో దాని 6 వాట్లూ రావాలంటే ఇన్‌పుట్‌లో 13 మిల్లీవోల్టులు సరిపోతాయి. మా వాడు దాని వాల్యూమ్ ఫుల్లు తిప్పి, 2 వోల్టుల డాక్ తగిలించాడు. డాక్‌లో ఉండే కాస్త గుసగుస కూడా 375 రెట్లు పెరిగి సుయ్‌మంటోంది. దీని ముందు 4558 ఐసీ ప్రీయాంప్ బోర్డు వేస్తే ఇంకో పది రెట్లు. బోర్డు అమ్మినవాడికి లాభం తప్ప ఏముంది?

అదే టీడీఏ 2030 బోర్డైతే మామూలు సర్క్యూట్‌లో సుమారు 30 డీబీ, 33 రెట్లు. ఎంత తేడానో చూడండి. అందుకే పక్కింటివాళ్ళ సెట్‌కి పనికొచ్చిన చిట్కా మీ సెట్‌కి పనికిరాకపోవచ్చు.

డిజిటల్ వాల్యూమ్‌కి ఎందుకంత చెడ్డపేరు

ఫోన్‌లో వాల్యూమ్ తగ్గించినప్పుడు లోపల జరిగేది గుణకారం. పాటలోని ప్రతి అంకెనీ ఒక చిన్న భిన్నంతో గుణించి డాక్‌కి పంపుతుంది. గొడవంతా ఆ గుణకారం తర్వాత మిగిలే చిల్లరతో.

మన పాత కొలతలు గుర్తున్నాయా? తవ్వలో సగం సోల, సోలలో సగం అరసోల, అందులో సగం గిద్ద. బిట్లు కూడా అంతే, ఒకదానిలో సగం ఇంకొకటి. ఒక్కో బిట్టుకీ 6 డీబీ. సీడీ పాట 16 బిట్లది, 65,536 మెట్లు. ఇప్పుడు మీ ఇంట్లో అన్నిటికన్నా చిన్న కొలత గిద్దే అనుకోండి. తవ్వ బియ్యాన్ని సగం చేస్తే సోలతో కొలవొచ్చు. మళ్ళీ సగం చేస్తే అరసోల. గిద్దలో సగం చేయమంటే? కొలిచే పాత్ర లేదు, పారబోయడమే. పాతకాలం సాఫ్ట్‌వేర్లు 16 బిట్ల పాటని తగ్గించి మళ్ళీ 16 బిట్లలోనే పంపేవి. 24 డీబీ తగ్గిస్తే నాలుగు బిట్లు పోయి 12 మిగిలేవి. చెడ్డపేరు అప్పుడొచ్చింది.

ఇప్పుడు డాక్‌లు 24 బిట్లు తీసుకుంటున్నాయి. అంటే గిద్ద కింద ఇంకా ఎనిమిది చిన్న పాత్రలున్నట్టు. ఎనిమిదిని ఆరుతో గుణించండి. 48 డీబీ తగ్గించేదాకా సీడీ పాటలోని ఒక్క బిట్టు కూడా నేల మీద పడదు. ఆ పైన పడేదాన్ని కూడా మంచి ప్లేయర్లు డిథర్ అనే పద్ధతిలో సన్నని, చెవికి గుచ్చుకోని శబ్దంగా పరిచేస్తాయి.

అసలు హద్దు బిట్లు కాదు, డాక్ తాలూకు సొంత గుసగుస. మీరు వాల్యూమ్ తగ్గించినా అది తగ్గదు. పాట తగ్గుతుంది, గుసగుస అక్కడే ఉంటుంది. పాటంతా డాక్ దాటాక అనలాగ్‌లో తగ్గిస్తే రెండూ కలిసి తగ్గుతాయి. డిజిటల్‌కీ అనలాగ్‌కీ ఉన్న నిజమైన తేడా ఇదే. కానీ ఆ గుసగుస మీకు వినపడుతుందా అన్నది లెక్కేయాలి. పీసీఎమ్ 5102 సిగ్నల్ టు నాయిస్, అంటే పాటకీ గుసగుసకీ మధ్య తేడా, 112 డీబీ. 2 వోల్టుల్లో అది 5 మైక్రోవోల్టులు. నా యాంప్ 20 రెట్లు పెంచితే 100 మైక్రోవోల్టులు. 2.83 వోల్టులకి 87 డీబీ ఇచ్చే స్పీకరులో అది మీటరు దూరంలో మైనస్ 2 డీబీ. మనిషి చెవికి వినపడే హద్దుకి కిందే. ఫ్యాను తిరిగే గదిలో రాత్రిపూట కూడా 35, 40 డీబీ ఉంటుంది. ఎవడు వింటాడు దాన్ని?

4440లో ఫుల్లు పెడితే అదే 5 మైక్రోవోల్టులు 375 రెట్లవుతుంది, అదే స్పీకరులో 24 డీబీ. ఫ్యాను ఆపితే దగ్గర కూర్చున్నవాడికి వినపడుతుంది. డాంగిల్ చవకదైతే ఇంకా ఎక్కువ.

లెక్కలు వద్దనుకుంటే చెవితోనే తేల్చుకోండి. పాట ఆపండి, వాల్యూమ్ మీరు రోజూ పెట్టుకునే చోటే ఉంచండి, స్పీకరులో సన్న శబ్దాలు పలికే చిన్న భాగానికి, అంటే ట్వీటర్‌కి, చెవి ఆనించండి. ఏమన్నా సుయ్‌మంటోందా? ఇప్పుడు యాంప్ వెనక వైరు ఊడదీసి, ఇన్‌పుట్ సాకెట్‌లో మొననీ రింగునీ కలిపిన పిన్ను ఒకటి పెట్టి మళ్ళీ వినండి. మోత అలాగే ఉంటే అది యాంప్‌ది. ఏ ప్రీయాంపూ, ఏ డాకూ దాన్ని తగ్గించలేవు. తగ్గిపోతే అది డాక్‌ది, దానికి మందుంది. మీరు పాట వినే చోటి నుంచి ఈ రెండు మోతలూ వినపడకపోతే మీకు ఏ సమస్యా లేదు. హాయిగా పాటలు వినండి, ఇక్కడితో చదవడం ఆపేసినా ఫర్వాలేదు.

వాల్యూమ్ ఒక్కచోటే తిప్పండి

ప్లేయర్ యాప్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి, బ్లూటూత్ బోర్డులో ఒకటి, యాంప్ మీద ఒకటి. నాలుగు వాల్యూమ్‌లు నలుగురు తలోవైపు లాగిన బండి లాంటివి. రోజూ తిప్పేది ఒకటి పెట్టుకోండి, మిగిలినవాటిని ఒకసారి సర్ది వదిలేయండి.

యాంప్ మీద మంచి వాల్యూమ్ ఉంటే దాన్నే తిప్పండి, ఫోన్‌లో ఫుల్లు. అది గరగరలాడుతున్నా, రిమోట్ లేకపోయినా, ఫోన్‌లోనే తిప్పండి. అప్పుడు యాంప్ వాల్యూమ్‌ని ఫుల్లు పెట్టకండి. ఫోన్‌లో నాలుగింట మూడు వంతులు పెట్టి, మీరు ఎప్పుడైనా వినబోయే గట్టి శబ్దం వచ్చేదాకా యాంప్‌ది పెంచి, ఆ చోట స్కెచ్ పెన్నుతో గీత గీయండి. ఇది పైసా ఖర్చు లేని మందు. సగం ఇళ్ళల్లో సుయ్ దీంతోనే పోతుంది.

ఆండ్రాయిడ్‌లో పాటల వాల్యూమ్‌కి సాధారణంగా 15 మెట్లే. ఒక గీత తక్కువ, ఇంకో గీత ఎక్కువ అనిపించేది అందుకే. ప్లేయర్ యాప్‌లో విడిగా సన్నటి వాల్యూమ్ ఉంటే అది వాడుకోండి. బ్లూటూత్‌లో ఫోన్ వాల్యూమూ బోర్డు వాల్యూమూ ఒకదాన్నొకటి ముడేసుకుని వింతగా ప్రవర్తిస్తే, డెవలపర్ ఆప్షన్స్‌లో అబ్సొల్యూట్ వాల్యూమ్‌ని ఆపి చూడండి.

విండోస్ ల్యాప్‌టాప్‌లో సౌండ్ సెట్టింగ్స్ నుంచి ఆ డాక్ ప్రాపర్టీస్‌లోకి, అక్కడి అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి 24 బిట్ ఎంచుకోండి. లోపలి మిక్సర్ ఎలాగూ 32 బిట్ల లెక్కే చేస్తుంది, బయటికి 16లో పంపకుండా ఉంటే చాలు.

ఈక్వలైజర్ వాడేవాళ్ళకి ఒక మాట. బేస్ 6 డీబీ పెంచితే అక్కడే ఉండే ప్రీయాంప్ అనే మరని 6 డీబీ దించాలి. లేకపోతే పాటలోని గట్టి దెబ్బలు పైకప్పుకి తగిలి పగులుతాయి. పేరు ప్రీయాంపే గానీ అది పెట్టె కాదు, వట్టి అంకె. పైసా ఖర్చు లేని ఈ ప్రీయాంప్‌ని ఎవరూ ముట్టుకోరు.

రెండు రెసిస్టర్ల పని

యాంప్ వాల్యూమ్ మొదట్లోనే, గడియారంలో ఏడో ఎనిమిదో అంకె ఉండే చోటే ఆపేయాల్సి వస్తోందా? అక్కడ చవక కంట్రోళ్ళలో ఎడమ కుడి సమానంగా ఉండవు. గాయకుడు ఒక పక్కకి జరిగి పాడినట్టుంటుంది. లేదా యాంప్‌కి వాల్యూమే లేదు, డిజిటల్‌లో ఎప్పుడూ మైనస్ 45 దగ్గరే వింటున్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ మందు ఒకటే: యాంప్‌కి వెళ్ళే సిగ్నల్‌ని శాశ్వతంగా కొంత తగ్గించేయడం.

ఒక్కో చానెల్‌కి రెండు రెసిస్టర్లు. పెద్దది సిగ్నల్ దారిలో వరసగా, చిన్నది ఆ తర్వాత సిగ్నల్ నుంచి గ్రౌండుకి. 10 డీబీ తగ్గాలంటే 6.8 కే, 3.3 కే. 20 డీబీకి 9.1 కే, 1 కే. 30 డీబీకి 33 కే, 1 కే. పావు వాట్ మెటల్ ఫిల్మ్, 1 శాతం అని అడిగి తీసుకోండి. 5 శాతం కార్బన్‌వైతే రెండు చానెళ్ళ మధ్య తేడా ఒక డీబీ దాటే వీలుంది. పది తీసుకుని మీటరుతో కొలిచి జతలు ఏరుకుంటే ఇంకా మంచిది. బరంపురంలో నేను వెళ్ళే దుకాణం భాయినా (అన్న), "ఆజ్ఞా (అయ్యా), నాలుగు రెసిస్టర్లకి పది కొలుస్తారా" అని నవ్వుతాడు. నవ్వనీయండి.

ఈ రెసిస్టర్లని వైరుకి యాంప్ వైపు కొసలో, పిన్ను లోపలే పెట్టి సోల్డరింగ్ చేయండి. డాక్ వైపు పెడితే వైరంతా బలహీనమైన సిగ్నల్ మోయాలి, దారిలో గుంయ్‌మనే మోత పట్టుకుంటుంది. సోల్డరింగ్ అయ్యాక మొనకీ రింగుకీ షార్ట్ లేదని మీటరుతో చూసుకుని, స్లీవు తొడిగి మూత బిగించండి.

ఎన్ని డీబీ కావాలి? ఇందాకటి లెక్క చూడండి. నేను సాయంత్రం మైనస్ 26లో, రాత్రి మైనస్ 41లో వింటాను. 10 డీబీ వైరు పెట్టాక అవి మైనస్ 16, మైనస్ 31 అయ్యాయి. ఫుల్లు పెట్టినా యాంప్‌కి 0.6 వోల్టులే వెళుతుంది, 50 వాట్లలో సుమారు 20 వాట్లు. మా గదికి అది ఎక్కువే. రెండేళ్ళకోసారి మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ జాతర జరిగే నెలలో వీధిలోని మైకుల మీద మన పాట వినపడాలంటే చాలదు, నిజమే. ఆ నెల వైరు మార్చుకోండి, లేదా జాతరకే వెళ్ళండి.

మా మేనల్లుడికి 33 కే, 1 కే. 4440 ఇన్‌పుట్ 30 కే దాకా ఉంటుంది కాబట్టి సుమారు 31 డీబీ తగ్గుతుంది.

రిమోట్ కిట్లు, గరగరలాడే కంట్రోళ్ళు

అంగట్లో డిజిటల్ వాల్యూమ్ అని మూడు వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఫోన్‌లో జరిగే గుణకారం ఒకటి. పీసీఎమ్ 5122 లాంటి డాక్ చిప్పు లోపల అర డీబీ మెట్లతో జరిగే గుణకారం రెండోది. మూడోది 5.1 రిమోట్ కిట్లలో ఉండే పీటీ 2258 లాంటి ఐసీ. దీని ముందు ఎర్రంకెలు వెలుగుతాయి గానీ సిగ్నల్ అనలాగే. లోపల రెసిస్టర్లు, స్విచ్చులు ఉంటాయి, ఒక్కో డీబీ చొప్పున 79 దాకా తగ్గిస్తుంది. అదే కోవలో కాస్త ఖరీదైనది పీజీఏ 2311. అర డీబీ మెట్లు, రెండు చానెళ్ళూ దాదాపు సమానం. యాంప్ కట్టించుకుంటూ రిమోట్ కావాలంటే నా ఓటు దానికే.

మామూలు కంట్రోల్ వేయిస్తే దాని వీపు మీద అక్షరం చూడండి. ఏ అని ఉంటే లాగ్, వాల్యూమ్‌కి అదే కావాలి. బి అంటే లీనియర్. బి వేస్తే పావు వంతు తిప్పేసరికే ఇల్లు ఎగిరిపోతుంది, తర్వాత ఎంత తిప్పినా తేడా తెలియదు. యాంప్‌కి మంచి పవరు ఉందని అనుకుంటారు పాపం. గరగర వస్తుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి, కిరసనాయిలు మాత్రం పోయకండి. మాకు గోపాల్‌పూర్ సముద్రం పదిహేను పదహారు కిలోమీటర్లే. ఆ ఉప్పుగాలికి కంట్రోళ్ళే కాదు, ఆర్‌సీఏ సాకెట్లూ నల్లబడతాయి. వానాకాలం వెళ్ళాక ఒకసారి అన్ని పిన్నులూ ఊడదీసి తుడిచి పెట్టడం నాకు అలవాటైపోయింది.

నేరుగా తగిలిస్తే ఒక గండం

డాక్‌ని వాల్యూమ్ లేని పవర్ యాంప్‌కి నేరుగా తగిలించినవాళ్ళు ఇది తప్పకుండా చదవాలి. ఒకరోజు తెల్లారి ఆరు గంటలకి సన్నగా పాట పెట్టుకుందామని ల్యాప్‌టాప్ తెరిచాను. రాత్రి ఏదో అప్‌డేట్ అయి వాల్యూమ్ వందకి వెళ్ళి కూర్చుంది. మీట నొక్కగానే పిడుగు పడ్డట్టయింది. ఒక ట్వీటర్ పోయింది. పక్కింటి మౌసీ (పిన్ని) గోడ మీంచి "టికె ఆస్తె, బాబూ" (కాస్త మెల్లగా, బాబూ) అంది, నేను కావాలనే పెట్టాననుకుని. వారం రోజులు ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను.

ఆ రోజు 10 డీబీ వైరు ఉంటే ట్వీటర్ బతికేది. కాబట్టి ముందు అది పెట్టండి. ఆన్ చేసేటప్పుడు డాక్, ఫోన్, ల్యాప్‌టాప్ ముందు, యాంప్ చివర. కట్టేసేటప్పుడు యాంప్ ముందు. కరెంటు పోయి వచ్చే ఊళ్ళల్లో ఈ వరస మన చేతిలో ఉండదు, అన్నీ ఒకేసారి లేస్తాయి. అందుకని కరెంటు పోగానే యాంప్ స్విచ్చు ఆపేయండి. డీఎస్‌డీ అనే రకం పాటల ఫైళ్ళు వినేవాళ్ళు ఇంకా జాగ్రత్త. వాటిని ఉన్నవున్నట్టు డాక్‌కి పంపే పద్ధతిలో ప్లేయర్‌లోని వాల్యూమ్ పనిచేయదు, ఫుల్లు వెళ్ళిపోతుంది.

మరి ప్రీయాంప్ ఎవరికి కావాలి

రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ళకి కావాలి, కనీసం ఫోనో బోర్డు. డాంగిల్ ఇచ్చేది అర వోల్టే, యాంప్ వోల్టున్నర అడుగుతోంది, ఫోన్ ఫుల్లు పెట్టినా చాలడం లేదు అన్నవాళ్ళకి కావాలి. టీవీ, డాక్, టేపు అన్నీ ఒకే యాంప్‌కి మార్చి మార్చి పెట్టేవాళ్ళకి, యాంప్ గదికి అవతలి పక్కన ఉన్నవాళ్ళకి కావాలి.

ఈ చివరిదానికి కారణం చెబుతాను. పవర్ లేని వట్టి కంట్రోల్‌ని పెట్టెలో పెట్టి పాసివ్ ప్రీయాంప్ అంటారు. చాలా బాగుంటుంది, వైరు పొట్టిగా ఉన్నంతసేపు. 100 కే కంట్రోల్ పెట్టి 5 మీటర్ల వైరు లాగారనుకోండి. మీటరుకి 100 పీకోఫారడ్ల లెక్కన వైరులో 500. కంట్రోల్ వోల్టేజీని సగం చేసే చోట ఉన్నప్పుడు దాని ఔట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే బయటికి వెళ్ళే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, 25 కే. రెండూ కలిస్తే 12.7 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డీబీ తగ్గిపోతుంది. మంజీరాల మెరుపు పోయి దుప్పటి కప్పినట్టుంటుంది. అదే 10 కే కంట్రోలైతే ఆ హద్దు 127 కిలోహెర్ట్జ్‌కి పోతుంది, చెవికి సంబంధం లేదు. కాబట్టి పాసివ్ కడితే 10 కే, వైరు మీటరు లోపు. అంతకుమించితే ఎన్‌ఈ 5532తో కట్టిన యాక్టివ్ ప్రీయాంప్ తీసుకోండి. గెయిన్ ఎంత తక్కువైతే అంత మంచిది.

కొనే ముందు పోల్చి వినాలంటే రెండిటి శబ్దం సమానం చేయండి. 60 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఒక దాంతో 1 వోల్టు వస్తే, రెండో దాంతో 0.98కీ 1.02కీ మధ్య ఉండాలి. అర డీబీ ఎక్కువ మోగినది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. దుకాణాల్లో ప్రీయాంప్ పెట్టగానే "ఆహా" అనిపించేది చాలాసార్లు ఆ అర డీబీయే.

మా మేనల్లుడు ఆ వైరు కట్టుకున్నాడు. ఇప్పుడు ఫోన్‌లో పది పన్నెండు గీతలు పెట్టి వింటున్నాడు. సుయ్ కొంచెం మిగిలింది, స్పీకరుకి చెవి ఆనిస్తే. అది 4440 సొంత మోత, దానికి మందు లేదని చెప్పాను. మీరు ఇలాంటి వైరు కట్టుకుంటే పిన్ను మీద 30 డీబీ అని రాసి టేపు అంటించండి. వాడు అంటించలేదు. వాడి స్నేహితుడు ఆ వైరు అరువు తీసుకెళ్ళి తన టీడీఏ 2030 యాంప్‌కి పెట్టి, శబ్దం రావడం లేదని యాంప్‌ని రిపేరుకి ఇచ్చేశాడు.